బ్రేకు డిస్క్ మీది చిన్న స్క్రూ తీసేసి అల్లాయ్ వీల్స్ బిగించొచ్చా?

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. బండి ఎలైట్ ఐ20. కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల స్టీల్ రిమ్ములు తీసేసి బయట 16 అంగుళాల అల్లాయ్‌లు కొన్నారు. ముందు ఎడమ చక్రం హబ్‌కు, అంటే చక్రం బిగించే ఇరుసు కొసకు, పూర్తిగా ఆనడం లేదు, ఒక పక్క సందు కనిపిస్తోంది. చూస్తే డిస్క్ మీదున్న రెండు స్టార్ స్క్రూల్లో ఒకదాని తల చెదిరి పైకి లేచి ఉంది. షాపులో "గ్రైండర్ పెట్టి లేపేద్దాం, దాంతో పనేమీ లేదు" అన్నారట. అది లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు డిస్క్ ఊడుతుందేమోనని మీ టెన్షన్. అల్లాయ్ మధ్య రంధ్రానికీ హబ్‌కూ మధ్య ఖాళీ నింపే రింగులు కూడా అక్కర్లేదన్నారు, నిజమేనా అని రెండో ప్రశ్న.

స్క్రూ లేకపోయినా డిస్క్ ఊడదు. కానీ గ్రైండర్ పెట్టనివ్వకండి. రింగులు మాత్రం తప్పనిసరిగా వేయించండి. తొందరలో ఉన్నవాళ్లకి ఇంతవరకు చాలు. మిగతాది ఎందుకో తెలుసుకోవాలనుకునే వాళ్లకి.

నేను కర్నూలులో బ్రేకులు, వీల్ అలైన్‌మెంట్ పని చేస్తాను. నంద్యాల, డోన్, ఆదోని వైపు బండ్లు ఎక్కువగా వస్తాయి. అల్లాయ్‌లు మార్చాక స్టీరింగ్ వణుకుతోందని వచ్చే బండ్లలో అల్లాయ్‌ది తప్పైన సందర్భాలు తక్కువ. అల్లాయ్‌కీ హబ్‌కీ మధ్య ఏదో అడ్డం పడి ఉంటుంది, లేదా వాటిని సరిగ్గా మధ్యకు తెచ్చేది ఏదో లేకుండా ఉంటుంది. మీ రెండు ప్రశ్నలూ సరిగ్గా ఆ రెండింటి గురించే.

ముందు స్క్రూ సంగతి. బ్రేకు వేసినప్పుడు డిస్క్ మీద పడే బలాన్ని ఆ చిన్న స్క్రూ మోయదు. హబ్ నుంచి బయటికి ఉండే 12 ఎంఎం మరల కడ్డీ (స్టడ్డు) మీద నట్టును 100 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలంతో) బిగిస్తే, ఆ ఒక్క నట్టే చక్రాన్నీ డిస్క్‌నీ హబ్‌కేసి సుమారు నాలుగు టన్నుల బలంతో అదిమి పెడుతుంది. నాలుగు నట్లకు పదహారు టన్నులు. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే డిస్క్‌ను జారకుండా పట్టుకుంటుంది. స్క్రూ ఉన్నది ఫ్యాక్టరీలో చక్రం ఎక్కించే లోపల డిస్క్ కింద పడకుండా. పెళ్లిలో అడ్డుతెర పట్టుకునేవాళ్ల పని లాంటిది దానిది, జీలకర్ర బెల్లం పెట్టేశాక వాళ్లతో పని ఉండదు. కొన్ని కార్లకు అసలు స్క్రూలే ఉండవు. కొన్నింటికి స్టడ్డు మీద పల్చటి రేకు వాషర్ లాంటి క్లిప్పు తొడిగి వదిలేస్తారు.

అయితే అది పూర్తిగా దండగ అని కూడా అనను. చక్రం విప్పినప్పుడల్లా స్క్రూ డిస్క్‌ను హబ్‌కు ఆనించి ఉంచుతుంది. స్క్రూ లేని డిస్క్ చక్రం తీయగానే కాస్త ముందుకు వాలుతుంది. అప్పుడు హబ్ అంచున ఉన్న తుప్పు పెచ్చో, మట్టో ఆ సందులోకి జారుతుంది. మళ్లీ చక్రం బిగిస్తే ఆ పెచ్చు లోపలే నలిగి ఉండిపోతుంది. డిస్క్ తిరిగేటప్పుడు పక్కలకు ఊగడం ఎంతవరకు ఫర్వాలేదో కంపెనీ మాన్యువల్స్‌లో ఉంటుంది, మిల్లీమీటరులో పదో వంతు లేదా అంతకంటే తక్కువే. అంటే మందపాటి కాగితం అంత పెచ్చు పడినా చాలు. కొన్నాళ్లకు బ్రేకు వేస్తే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. అప్పుడు "డిస్క్ బెండయింది, మార్చాలి" అంటారు.

నంద్యాల వైపు నుంచి ఒక బండి ఇలాగే వచ్చింది. రెండు స్క్రూలూ ఎప్పుడో విరిగిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. పొలం దారిలో తిరిగే బండి. నల్లరేగడి తడిసి ఆరి గట్టిపడి డిస్క్ వెనక ఒక మూల అతుక్కుని ఉంది. కొత్త డిస్కులు వేయించారు, నెల తిరక్కుండా మళ్లీ అదే పెడల్ కొట్టుకోవడం. డిస్క్ విప్పి, హబ్ ముఖం వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, రెండు స్క్రూలు వేస్తే సరిపోయింది. కొత్త డిస్కుల డబ్బు ఊరికే పోయినట్టే.

అందుకే నేను చేసే పద్ధతి ఇది: రేకు క్లిప్పులైతే కత్తిరించి పడేస్తాను, స్క్రూలైతే పాతది తీసి కొత్తది వేస్తాను. క్లిప్పు స్టడ్డు చుట్టూ కొంచెం పైకి ఉంటుంది. కంపెనీ రిమ్ముకు వెనక దాని కోసం గుంట వదిలి ఉంటారు, బయటి అల్లాయ్‌లలో ఆ గుంట లేకపోవచ్చు. స్క్రూ మాత్రం సరిగ్గా కూర్చుంటే డిస్క్ ముఖానికి సమానంగానో, కొంచెం లోపలికో ఉంటుంది. అల్లాయ్‌కు అడ్డం రాదు. మీ బండిలో అడ్డం వచ్చింది ఎవరో తప్పు సైజు స్క్రూడ్రైవర్‌తో తిప్పి దాని తల చెడగొట్టినందువల్లే.

గ్రైండర్ ఎందుకు వద్దంటున్నానంటే, దాని రాయికి స్క్రూ తల ఏదో డిస్క్ ముఖం ఏదో తేడా తెలియదు. చక్రం ఆనే చోట గాడి పడుతుంది. ఎగిరే నిప్పురవ్వలు పక్కనే ఉన్న ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) వైరు మీద, రబ్బరు తొడుగుల మీద పడతాయి. షాపుకు వెళ్లి చెప్పాల్సింది ఈ వరసలో చెప్పండి.

స్క్రూ మీద డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేయాలి. వీలైతే రాత్రంతా, లేదంటే కనీసం టీ తాగొచ్చేంత సేపు. స్ప్రే డిస్క్ అరిగే ముఖం మీదకు, ప్యాడ్ల మీదకు పోకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. తర్వాత సరైన బిట్ పెట్టి వెనక నుంచి సుత్తితో నాలుగు దెబ్బలు వేయాలి, తిప్పకుండా. ఆ అదురుకే సగం స్క్రూలు పట్టు వదులుతాయి. మామూలుగా ఇంట్లో ఉండేది 2వ నంబరు స్టార్ బిట్. ఈ స్క్రూలకు చాలావరకు పట్టేది 3వ నంబరు. చిన్న బిట్ పెట్టి తిప్పడం వల్లే తలలు చెదురుతాయి. ఆ తర్వాత సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్. తిరగాల్సిన దిశ ఎడమ వైపుకు పెట్టి, గట్టిగా అదిమి ఒక్క దెబ్బ. పెద్ద ఖరీదు వస్తువు కాదు, బ్రేకుల పని చేసే ఏ షాపులోనైనా ఉండాలి. ఉందా అని అడగండి. లేదంటే వేరే షాపు చూసుకోండి.

మీ స్క్రూకు తల ఇప్పటికే చెదిరిపోయింది కాబట్టి బిట్ పట్టకపోవచ్చు. అప్పుడు డ్రిల్ చేయాలి. సరిగ్గా నడిమధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, ముందు సన్న బిట్, తర్వాత స్క్రూ కాడ కంటే కాస్త లావు బిట్. తల మాత్రమే తెగి వచ్చేదాకా చేయాలి, అంతకు మించి లోపలికి హబ్‌లోకి పోకూడదు. ఆ తర్వాత క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కేసి నొక్కే భాగం) విప్పి పక్కకు తప్పించి డిస్క్ బయటికి లాగితే స్క్రూ కాడ హబ్ మీద నిలబడి ఉంటుంది. తల పోయాక దాని మీద బిగువు ఉండదు, లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే చాలావరకు చేతికి వచ్చేస్తుంది. క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకండి. తీగతో స్ప్రింగుకు కట్టమనండి. గొట్టం లోపల చిట్లితే బయటికి కనిపించదు.

డిస్క్ హబ్‌కు అతుక్కుపోయి రాకపోతే కొట్టడం మొదలుపెడతారు. చాలా డిస్కుల్లో స్క్రూ రంధ్రాలు కాకుండా మరలు కోసిన రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలోకి సరిపోయే బోల్టులు, సాధారణంగా 8 ఎంఎంవి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే డిస్క్ తనంతట తనే బయటికి వస్తుంది. వెనక డ్రమ్ములకూ ఇదే ఉపాయం.

కొత్త స్క్రూ కంపెనీ పార్టు దొరికితే అదే వేయండి. లేదంటే పాతది చేత్తో పట్టుకుని నట్టు బోల్టుల షాపుకు వెళ్లి అదే లావు, అదే మర, అదే వాలు తల ఉన్న అలెన్ స్క్రూ తీసుకోండి. అలెన్‌కు తల చెదరడం తక్కువ. పొడవు మాత్రం పాతదానికంటే ఎక్కువ ఉండకూడదు. ఎక్కువైతే హబ్ వెనక నుంచి పొడుచుకొచ్చి లోపలి భాగాలకు తగులుతుంది. మరలకు చిటికెడు కాపర్ గ్రీజు రాసి, చేత్తో తిప్పి, చివర చిన్న బిగింపు ఇస్తే చాలు. మళ్లీ గాలి గన్ పెట్టి బిగిస్తే వచ్చే ఏడాది ఇదే కథ.

మన రాయలసీమలో తుప్పు బాధ కోస్తా అంత ఉండదు. అనంతపురం లాంటి చోట వానే తక్కువ. అయినా ఇక్కడ స్క్రూలు పట్టేయడం నేను చూస్తూనే ఉంటాను. వేడి ఒక కారణం, వాటర్ వాష్ ఇంకో కారణం. దూరం నుంచి వచ్చిన బండిని నిలబెట్టిన వెంటనే కాలిపోతున్న డిస్కుల మీద బోరు నీళ్లు కొడతారు. ఆ ఉప్పు నీళ్లు ఆరి స్క్రూ చుట్టూ తెల్లగా పేరుకుంటాయి. కాసేపు చల్లారనిచ్చి కడిగించుకుంటే మంచిది.

ఇక రింగులు. ఐ20 హబ్ మధ్యలో పైకి ఉండే గుండ్రటి అంచు వ్యాసం 54.1 ఎంఎం. మీ పాత రిమ్ము మధ్య రంధ్రం సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. బయటి అల్లాయ్‌లు ఒకే మోడల్ చాలా కార్లకు పట్టాలని మధ్య రంధ్రం పెద్దగా పెడతారు. 73.1 చాలా చోట్ల కనిపించే సైజు. అంటే చుట్టూ తొమ్మిదిన్నర ఎంఎం ఖాళీ. చక్రాన్ని మధ్యకు తెచ్చే పని అంతా నట్ల మీదే పడుతుంది. బండిని జాకీ మీద పెట్టి, ఒక నట్టును గన్‌తో పూర్తిగా బిగించేసి తర్వాత రెండోది పట్టుకునే మనిషి చేతిలో ఆ చక్రం మధ్యకు ఎలా వస్తుంది? ఊళ్లో 40లో తెలియదు. 44వ నంబరు హైవే ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ మళ్లీ మళ్లీ చేయిస్తారు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద చక్రాన్ని కోన్ పెట్టి మధ్యకు తెచ్చి తిప్పుతారు కాబట్టి అక్కడ అంతా సున్నాలే చూపిస్తుంది. తప్పు బండి మీద ఉంది, మెషీన్ మీద లేదు.

మీ అల్లాయ్ వెనక మధ్య రంధ్రం సైజు అచ్చు వేసి ఉందేమో చూడండి, లేకపోతే వెర్నియర్‌తో కొలిపించండి. రింగు బయటి సైజు దానికి, లోపలి సైజు 54.1కి సరిపోవాలి. ప్లాస్టిక్‌వి కూడా పనిచేస్తాయి. కానీ గువ్వలచెరువు ఘాట్ దిగేవాళ్లకు, శ్రీశైలం ఘాట్ తరచూ తిరిగేవాళ్లకు నేను అల్యూమినియంవే వేయమంటాను, దిగేటప్పుడు బ్రేకుల వేడి హబ్ దాకా వస్తుంది. రెడీమేడ్ దొరక్కపోతే మంచి లేత్ షాపులో తిరగపట్టించుకోవచ్చు. అయితే కొలత పక్కాగా ఉండాలి. ఇంకో మాట, రింగు అంచు అల్లాయ్ వెనక ముఖం కంటే పైకి ఉంటే అదే మళ్లీ కొత్త అడ్డం అవుతుంది.

చక్రం నిజంగా ఆనిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. డిస్క్ మీద చక్రం ఆనే చోట సుద్దముక్క రుద్ది, అల్లాయ్ పెట్టి, నట్లు చేత్తో బిగించి, మళ్లీ విప్పి అల్లాయ్ వెనక చూడండి. సుద్ద చుట్టూ సమానంగా అంటితే సరే. ఒక పక్కే అంటితే అడ్డం ఎక్కడుందో అదే చెబుతుంది. చూశాక సుద్ద తుడిచేయండి. ఆనని చక్రాన్ని నట్ల బలంతో లాగి కూర్చోబెట్టడం మాత్రం ఎప్పటికీ వద్దు. బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, నాలుగు గుంతల్లో పడ్డాక వదులవుతుంది. వదులైన చక్రం స్టడ్డులను వంచి వంచి విరిచేస్తుంది.

నట్ల విషయం మీరు అడగలేదు, కానీ చెప్పకపోతే సమాధానం సగమే. కోన్ ఆకారం, బంతి ఆకారం, చదును వాషర్ ఆకారం అని నట్టు కూర్చునే చోటు మూడు రకాలు. బయటి అల్లాయ్‌లు దాదాపు అన్నీ 60 డిగ్రీల కోన్‌కే తయారవుతాయి. హోండా కంపెనీ నట్లు బంతి ఆకారం, టొయోటా అల్లాయ్‌లకు వాషర్ రకం, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు నట్లే ఉండవు, బంతి ఆకారం బోల్టులు. వాటిని కోన్ రంధ్రంలో బిగిస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. మీ ఐ20కి మర 12 ఎంఎం, 1.5 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం 1.5 ఎంఎం). మారుతి వాటికి 1.25 పిచ్, ఆ నట్లు మొదటి చుట్టు ఎక్కినట్టే ఉండి తర్వాత స్టడ్డు మరలు తినేస్తాయి. నట్టు చేత్తో కనీసం ఎనిమిది చుట్లు ఎక్కాలి, అంటే స్టడ్డు లావు ఎంతో అంత లోతు. ఎక్కకపోతే అల్లాయ్ మందం ఎక్కువైంది, పొడవు స్టడ్డులు కావాలి. నట్టు కూర్చునే చోట పెయింటో, పౌడర్ కోటింగో మందంగా ఉంటే గీకించండి. అది నలిగిన కొద్దీ నట్టు వదులవుతుంది.

బిగింపు జాకీ మీద ఉండగా చేత్తో మొదలుపెట్టి, ఎదురెదురు వరసలో, చివరిది టైరు నేలకు తగిలాక టార్క్ రెంచ్‌తో. ఈ సైజు కార్లకు 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ఖాయం చేసుకోండి. స్టడ్డు మరలకు గ్రీజు, ఆయిల్ రాయకండి. అదే టార్క్‌కు స్టడ్డు మీద లాగుడు చాలా ఎక్కువ పడుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ బిగింపు చూసుకోవాలి. మా ఊరి వాళ్లకైతే డోన్ దాకా వెళ్లి రమ్మంటాను, దాదాపు సరిపోతుంది.

ఆఫ్‌సెట్ గురించి కొంచెం, అంటే రిమ్ము నడిమధ్య గీతకూ హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం. రిమ్ము మీద ఈటీ అని ఎంఎంలలో రాస్తారు. మీ పాత రిమ్ము వెడల్పు 5.5జే (5.5 అంగుళాలు), కొత్తది 6.5జే అనుకుందాం. ఆఫ్‌సెట్ మారకపోయినా వెడల్పు వల్లే లోపలికి 12.7 ఎంఎం, బయటికి 12.7 ఎంఎం పెరుగుతుంది. దాని మీద ఈటీ 45 బదులు 38 అయితే బయటికి ఇంకో 7 ఎంఎం, మొత్తం దాదాపు 20. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే టైరు ఫెండర్‌కు రాసుకోవడం అక్కడే మొదలవుతుంది. స్పేసర్ (చక్రానికీ హబ్‌కూ మధ్య పెట్టే బిళ్ల) పెట్టి సర్దుదాం అంటే ఒప్పుకోకండి. పీసీడీ (నట్ల రంధ్రాలు ఉండే వలయం వ్యాసం) కుదరని అల్లాయ్‌కు రంధ్రాలు సాగదీసి ఇస్తామనేవాళ్ల దగ్గర అయితే అసలు నిలబడకండి. ఐ20కి 4×100, అంటే 100 ఎంఎం వలయం మీద నాలుగు రంధ్రాలు, అది కుదిరిందే తీసుకోవాలి. అల్లాయ్ మీద ఐఎస్ఐ గుర్తుతో రిమ్ముల ప్రమాణం నంబరు ఐఎస్ 16192 ఉందా, లోడ్ రేటింగ్ అచ్చు వేశారా చూసుకోండి. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి, స్పోకులూ లోపల అతికించిన సీసపు ముక్కలూ క్యాలిపర్‌కు తగలడం లేదని ఖాయం చేసుకోండి.

నన్నడిగితే మీ దారులకు 16 కంటే 15 అంగుళాలే మేలు. మీ పాత టైరు 185/70 ఆర్14 (185 ఎంఎం వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 14 అంగుళాల రిమ్ము) అయితే దాని పక్కగోడ ఎత్తు దాదాపు 130 ఎంఎం. 195/55 ఆర్16కి 107. 185/65 ఆర్15కి 120. మొత్తం వ్యాసం మూడింటికీ ఒక శాతం అటూ ఇటూ అంతే, స్పీడోమీటర్ పెద్దగా మారదు. కానీ ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు లారీలు తవ్వి పెట్టిన గుంతల్లో ఆ 23 ఎంఎం రబ్బరు తేడా రిమ్ముకు తెలుస్తుంది. కొనేశారు కాబట్టి తిప్పి ఇవ్వమనను. గాలి కంపెనీ చెప్పినంత తప్పకుండా ఉంచండి, పగిలిన అల్లాయ్‌ను వెల్డింగ్ చేయించి మళ్లీ వేసుకోకండి. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా అల్లాయ్‌లు మార్చినట్టు రాయించుకోండి, క్లెయిమ్ అప్పుడు మాట పడకుండా ఉంటుంది.

పాత నట్లు షాపులో వదిలేయకండి. మీ స్టెప్నీ ఇంకా పాత స్టీల్ రిమ్మే కదా. కొత్త అల్లాయ్‌లతో వచ్చే పొడవాటి సన్న నట్లు కొన్ని దాని మీద సరిగ్గా కూర్చోవు. నాలుగు పాత నట్లు, పాత వీల్ పానా ఒక గుడ్డలో చుట్టి స్టెప్నీ గుంటలోనే పెట్టేయండి. కొత్త నట్లకు తాళం లాంటి అడాప్టర్ వస్తే అది ఇంట్లో బీరువాలో దాచకుండా బండిలోనే ఉండాలి.